బిర్రరంగ్ మార్: వారసత్వ పార్కా, మేళాల మైదానమా?

యారాగట్టు (చర్చ మొదలు)

మెల్‌బోర్న్ నడిబొడ్డున, ఫెడరేషన్ స్క్వేర్‌ను ఆనుకుని, యారా నది ఉత్తర గట్టు మీద ఉన్న బిర్రరంగ్ మార్ గురించి ఈ చర్చ. సుమారు 8 హెక్టార్ల పార్కు, 2002లో తెరిచారు. అంతకుముందు అక్కడ రైలు పట్టాలు, ఒక రోడ్డు ఉండేవి. పేరు ఈ నేల అసలు హక్కుదారులైన వురుంజెరి ప్రజల వొయ్‌వురంగ్ భాషలోది. 2006లో కామన్‌వెల్త్ క్రీడల సందర్భంగా విక్కీ కౌజెన్స్, లీ డారక్, ట్రియానా హామ్ అనే ముగ్గురు ఆదివాసీ కళాకారులు బిర్రరంగ్ విలాం అనే శిల్ప సముదాయం చేశారు. నేల మీద మెలికలు తిరిగే మలుగుచేప దారి, కులిన్ జాతుల ఐదు తెగలకు గుర్తుగా ఐదు లోహపు డాళ్ళు, చెక్కిన బండలు అందులో ఉన్నాయి.

అదే పార్కులో ప్రతి మార్చిలో మూంబా పండుగ రైడ్లు దిగుతాయి. ఏడాదిలో మిగతా మేళాలు సరేసరి. కంచెలు, జనరేటర్లు, ట్రక్కులు. ఇప్పుడు నగరపాలక సంస్థ గ్రీన్‌లైన్ పేరుతో ఇక్కడి నుంచి బోల్ట్ బ్రిడ్జి దాకా 4 కిలోమీటర్ల గట్టును కలిపే పని పెట్టుకుంది. అదంతా పూర్తయ్యాక వాడకం మార్చమంటే ఎవరూ వినరు, అడగాల్సింది ఇప్పుడే.

నా వాదన: బండ్లతో, బరువు సామానుతో వచ్చే మేళాలను బిర్రరంగ్ మార్ నుంచి పూర్తిగా తీసేయాలి. నడిచి వచ్చి, కూర్చుని, నడిచి వెళ్ళే సభలు, క్రతువులు మాత్రమే ఉండాలి. లేకపోతే పేరు గొప్ప, ఊరు దిబ్బ.

మట్టిపని

పూర్తిగా తీసేయాలన్నది నేను ఒప్పుకోను. నేలకి జరిగే నష్టం మాత్రం నిజం, దాన్ని సరిగ్గా చెప్పుకుందాం.

పదివేల మంది నడిస్తే పచ్చిక పైపైన నలుగుతుంది, వానలు సహకరిస్తే నెలన్నరలో లేస్తుంది. ట్రక్కు సంగతి వేరు. ఆస్ట్రేలియా రోడ్ల మీద ఆరు ఇరుసుల సెమీ ట్రైలర్‌కి మామూలు పరిమితే 42 టన్నులకి పైన. అలాంటిది తడి నేల మీదికి వస్తే మట్టి కింద 30–40 సెంటీమీటర్ల దాకా బిగుసుకుపోతుంది. బంకమట్టి ఘనపు సెంటీమీటరుకి ఒకటిన్నర గ్రాముల దగ్గరికి బిగిస్తే వేళ్ళు దిగడం దాదాపు ఆగిపోతుంది. మొత్తం నష్టంలో పెద్ద వాటా మొదటి రెండు మూడు సార్లు చక్రం తిరిగినప్పుడే అయిపోతుంది. అందుకే "ఒక్క రోజే కదా" అనే మాటకి అర్థం లేదు. పైన గడ్డి పరిచి అందంగా చేసినా కింద పలక అలాగే ఉంటుంది. వాన పడితే నీరు నిలుస్తుంది, వేసవిలో అక్కడే ముందు ఎండుతుంది.

మార్చి తేదీతో ఇంకో చిక్కు ఉంది. అక్కడి పచ్చికల్లో వేసే కికుయు, కౌచ్ రెండూ వేసవి గడ్డులే, నేల చల్లబడితే పెరగడం మానేస్తాయి. మార్చి రెండో వారంలో రైడ్లు వెళ్ళిపోతే, నేల చల్లబడే లోపు మిగిలేది ఐదారు వారాలు. ఆ వ్యవధిలో 75–100 మిల్లీమీటర్ల లోతున బొక్కలు తీసి గాలి ఆడేలా చేయాలి, ఇసుక నింపాలి, రై గడ్డి చల్లాలి. ఒక్క పది రోజులు ఆలస్యమైతే సెప్టెంబరు దాకా బురదే.

పరిష్కారం ఉంది. బండ్లకి ఒకే ఒక దారి, ఏటా అదే. దాని కింద శాశ్వతంగా కంకర, ఇసుక కలిపిన గట్టి పొర, పైన గడ్డి. మిగతా చోట్ల తాత్కాలిక పలకలు లేకుండా చక్రం దిగకూడదు. చెట్ల దగ్గర ఎ.ఎస్. 4970 అనే ఆస్ట్రేలియా చెట్ల రక్షణ ప్రమాణం ప్రకారం 1.4 మీటర్ల ఎత్తున కాండం వ్యాసం కొలిచి, దాన్ని 12తో గుణిస్తే వచ్చే వ్యాసార్థం రక్షిత వలయం. 60 సెంటీమీటర్ల కాండానికి 7.2 మీటర్లు. ఆ గీత దాటనివ్వకపోతే మేళా ఉండొచ్చు.

గునుగుపువ్వు

యారాగట్టు అన్నా, మీ మాటల నాకు ఒక తిరకాసు కనబడుతున్నది. నది ఒడ్డున జనం కూడుడు కొత్తదేం కాదు. ఇప్పటి క్వీన్స్ బ్రిడ్జి దగ్గర ఒకప్పుడు బండరాళ్ళ వరుస ఉండేది. దానికి ఒక దిక్కు సముద్రం ఉప్పునీళ్ళు, ఇంకో దిక్కు మంచినీళ్ళు. కులిన్ తెగలు నది దాటింది ఆ రాళ్ళ మీదికెల్లే, కలుసుకున్నది ఆ చుట్టుపక్కలే. 1883ల పడవల కోసమని ఆ రాళ్ళను పేల్చేసిండ్రు. గసొంటి నది ఒడ్డున జనం లేని నిశ్శబ్ద తోట పెట్టి "వారసత్వం" అంటే, అది మ్యూజియం అయితది. 2013ల మెల్‌బోర్న్ ఫెస్టివల్ మొదలుపెట్టినప్పుడు ఫెడరేషన్ స్క్వేర్‌ల కులిన్ తెగలు తండెరమ్ అనే స్వాగత క్రతువు చేసినయి. నగరం నడుమ, జనం నడుమ చేసిండ్రు. ఏడనో దాచిపెట్టుకొని కాదు.

మేడారం తీసుకోండ్రి. జంపన్న వాగు ఒడ్డున లక్షల మంది. జనం ఎక్కువైండ్రని ఎవలూ జాతర పవిత్రత పోయిందంటలేరు. అక్కడ లొల్లి ఏందంటే, గద్దెల కాడ మాట ఎవరిది, కోయ పూజారులదా, దేవాదాయ శాఖదా. ఈడ కూడా అడగాల్సింది అదే. జనం ఎందరు అని కాదు, వద్దు అనే అధికారం ఎవరి చేతిల ఉన్నది?

ఇంకో ముచ్చట. బతుకమ్మ ఈ గట్టు మీద ఆడి, యారాల వేయొచ్చా అని మనోళ్ళు చాలామంది అడుగుతరు. దానికి ఎవరన్న సక్కగ జవాబు చెప్పండ్రి.

రాతిబండ

గునుగుపువ్వు గారు అడిగిన అధికారం సంగతి చట్టంలోంచి చెప్తాను, ఎందుకంటే చాలామంది ఇక్కడే పొరబడతారు.

మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో 2006 అబోరిజినల్ హెరిటేజ్ చట్టం ప్రకారం చాలా ప్రాంతాలకి ఒక్కో గుర్తింపు పొందిన ఆదివాసీ సంస్థ ఉంటుంది. ఈ పార్కు ఉన్న గట్టుకి అది వురుంజెరి వొయ్‌వురంగ్ కార్పొరేషన్. 2021 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన సరిహద్దుతో దక్షిణాన కొంత భాగం బునురంగ్ అనే మరో కులిన్ తెగ వాళ్ళకి వెళ్ళింది, నగర కేంద్రం వురుంజెరి వాళ్ళకే ఉంది. పేరున్న ప్రతి నదికీ 200 మీటర్ల లోపు నేలని "సాంస్కృతికంగా సున్నితమైన ప్రాంతం"గా నిబంధనలు లెక్కిస్తాయి. అలాంటి చోట భారీ ప్రభావం ఉన్న పని చేయాలంటే ముందు సాంస్కృతిక వారసత్వ నిర్వహణ ప్రణాళిక తయారు చేయాలి, ఆ సంస్థ ఆమోదించాలి. నిర్ణయానికి 30 రోజులు. వాళ్ళు కాదంటే, ట్రిబ్యునల్‌కి వెళ్ళి గెలిస్తే తప్ప పని ముందుకి సాగదు.

వినడానికి ఇది గట్టి అధికారం. అయితే రెండు కన్నాలున్నాయి.

ఒకటి, ఆ నేల అంతా గతంలోనే "గణనీయంగా తవ్వి చెదరగొట్టిన" నేల అని నిరూపిస్తే, సున్నితమైన ప్రాంతం అనే లెక్కలోంచి బయటికొస్తుంది. రైల్వే యార్డులూ, ఎత్తు పెంచిన గట్లూ ఇలాంటి వాదనకి తేలిగ్గా దొరికే చోట్లు. పైన మీటరు, రెండు మీటర్ల మేర పోసిన మట్టి ఉంటే దాన్ని చూపించి "అంతా చెదిరిందే" అనేస్తారు. పోసిన మట్టి కింద పాత గట్టు పొర చెక్కుచెదరకుండా ఉండొచ్చు, మట్టి పోయడం కొన్నిసార్లు దాన్ని కాపాడుతుంది కూడా. అందుకే పాత పటాలతో తేల్చకుండా, బోరు నమూనాలు తీసి పొరలు చూడమని అడగాలి. ఎన్ని బోర్లు, ఎంత లోతు, నమూనాలు తీసేటప్పుడు వురుంజెరి ప్రతినిధి అక్కడ ఉన్నారా అనేవి ముందే కాగితం మీద రాయించుకోవాలి.

రెండోది ఈ చర్చకి ఇంకా ముఖ్యం. ఆ చట్టం తవ్వకాన్ని చూస్తుంది, నిర్మాణాన్ని చూస్తుంది. నాలుగు రోజుల మేళా, పైకి పెట్టి తీసేసే రైడ్లు దాని పరిధిలోకి సాధారణంగా రావు. మేళా అనుమతి నగరపాలక సంస్థ ఈవెంట్ల విభాగం చూసుకునే వ్యవహారం. కాబట్టి నేల కింద ఉన్నదాని మీద వురుంజెరి సంస్థకి చట్టబద్ధమైన మాట ఉంది. నేల మీద ఏడాది పొడుగునా ఏం జరగాలన్నదాని మీద అలాంటిది లేదు.

యారాగట్టు

నేను చెప్పాలనుకున్నది రాతిబండ గారే పూర్తి చేశారు. అధికారం లేని చోట మర్యాదగా అడగడం ఒక్కటే మిగులుతుంది, దాన్ని ఎప్పుడైనా పక్కన పెట్టొచ్చు.

2006నే చూడండి. బిర్రరంగ్ విలాం పెట్టారు, క్రికెట్ మైదానానికి వెళ్ళే పాదచారుల వంతెనకి విలియం బరాక్ పేరు పెట్టారు. కొరండెర్క్ అనే ఆదివాసీ స్థావరం మూసేయొద్దని కాలినడకన మెల్‌బోర్న్ దాకా వచ్చి ప్రభుత్వాన్ని నిలదీసిన వురుంజెరి నాయకుడాయన. ఆ ఏడాది మార్చిలో క్రీడలప్పుడే, నదికి అవతలి ఒడ్డున కింగ్స్ డొమైన్‌లో ఆదివాసీలు నిప్పు రగిల్చి క్యాంప్ సావరినిటీ అని నిరసన శిబిరం పెట్టుకున్నారు. దాన్ని ఎత్తించేశారు. ఆ చోటు ఏమన్నా ఆషామాషీదా? మ్యూజియంలో పెట్టెల్లో ఉంచిన 38 మంది ఆదివాసీల అవశేషాలను 1985లో తిరిగి మట్టిలో కలిపి, పైన గ్రానైట్ బండ ఉంచిన చోటు. బరాక్ పేరు వంతెనకి పనికొచ్చింది. బరాక్ చేసిన పనే అవతలి ఒడ్డున ఇంకొకరు చేస్తే పనికిరాలేదు. అందుకే శిల్పాలనీ పేర్లనీ చూపించి "గౌరవించాం" అంటే నేను నమ్మను.

మట్టిపని

అన్యాయంగా మాట్లాడుతున్నారు. ఆ శిబిరం విషయంలో మీ కోపం సరైనదే. దాని లెక్క ఆ ముగ్గురు కళాకారుల పని మీద వేయడం ఏం సబబు? పాసం అనే చెట్ల మీది జంతువు తోలుతో దుప్పట్లు కుట్టే విద్యని మళ్ళీ నిలబెట్టినవాళ్ళలో వీళ్ళూ ఉన్నారు. 2006 క్రీడల ప్రారంభోత్సవంలో విక్టోరియా తెగల పెద్దలు కప్పుకున్నవి ఆ దుప్పట్లే. బిర్రరంగ్ విలాం ఎవరో బయట కూర్చుని గీసిన అలంకారం కాదు.

ఆ శిల్పాలకి జరిగే అగౌరవం ఇంకా చిన్నచిన్న పనుల్లో ఉంటుంది. రంగు కాంక్రీటు దారిని అధిక పీడనం నీళ్ళతో కడుగుతారు. ఏటా రెండు సార్లు అలా కడిగితే పై సిమెంటు పొర లేచిపోయి కంకర బయటపడుతుంది, రంగు పోతుంది. ఎక్కడైనా పైపు కోసం కోస్తే, అతుకు మామూలు బూడిద రంగు కాంక్రీటుతో వేస్తారు. మలుగుచేప ఒంటి మీద మచ్చ. రాళ్ళ అంచుల మీద స్కేట్‌బోర్డులు రుద్దితే చెక్కుడు అరుగుతుంది, దానికి ఉక్కు బుడిపెలు కొడితే చూడటానికి ఘోరం. మొదట్లోనే రంగు పొడి తయారీ, పాళ్ళు, ఇసుక ఏ క్వారీదో రాసి పెట్టుకుని, అదే పోతలో అర చదరపు మీటరు నమూనా పలకలు నాలుగైదు దాచుకుంటే పదిహేనేళ్ళ తర్వాత కూడా అతుకు కలుస్తుంది. కొత్త గ్రీన్‌లైన్ కళాకృతులకి ఈ షరతు ఒప్పందంలోనే ఉండాలి. కళాకారుల అనుమతి లేకుండా మరమ్మతు చేయకూడదన్నదీ అందులోనే రాయాలి.

చెట్టునీడ

శిల్పాల గురించి ఇంత మాట్లాడి మొక్కల్ని వదిలేస్తే ఎలా? ఇలాంటి పార్కుల్లో "స్థానిక మొక్కలు" అని ఒక్క మాట రాసి వదిలేస్తారు. విఫలమయ్యేది అక్కడే.

మర్నోంగ్ తీసుకోండి. పసుపు పూల చిన్న మొక్క, దుంప తినేవాళ్ళు. ఈ ప్రాంతపు ఆదివాసీ స్త్రీలు రోజూ తవ్వి తెచ్చుకున్న ముఖ్యాహారం. 1835 తర్వాత గొర్రెలు వచ్చి మైదానాలకి మైదానాలే ఊడ్చేశాయి. ఇప్పుడు పార్కుల్లో పెడుతున్నారు, పెట్టినవి చస్తున్నాయి. కారణాలు తెలిసినవే. నీళ్ళు నిలిస్తే దుంప కుళ్ళుతుంది. భాస్వరం ఎక్కువున్న ఎరువు పడదు. లేత ఆకుల్ని నత్తలు ఒక్క రాత్రిలో ఖాళీ చేస్తాయి. అన్నింటికంటే పెద్ద ముప్పు కాంట్రాక్టరు. ఈ మొక్క ఎండాకాలంలో పైభాగం పూర్తిగా ఎండి దుంప నిద్రపోతుంది. జనవరిలో వచ్చిన మనిషి చచ్చిందనుకుని దాని మీద 100 మిల్లీమీటర్ల చెక్కపొట్టు పరిచేస్తాడు. శరదృతువులో, అంటే అక్కడి ఏప్రిల్–మే నెలల్లో, అది పైకి లేవలేకపోతుంది. ఇసుక కలిపి ఎత్తు చేసిన మడి, పొట్టు లేని నేల, నిద్రపోయే నెలల్లో ఒక చిన్న గుర్తు, ఇవి చాలు.

కంగారూ గడ్డి ఇంకో రకం తంటా. మన కొండల్లోనూ పెరిగే జాతే. దాన్ని మూడు నుంచి ఐదేళ్ళకోసారి కాల్చాలి. లేకపోతే పాత గడ్డి పేరుకుని తన దుబ్బుకి తనే వెలుతురు అడ్డుకుని చస్తుంది, మధ్యలో పువ్వుల మొక్కలు ముందే పోతాయి. నగరం నడుమ, రైల్వే స్టేషన్ పక్కన నిప్పు పెడితే పొగ, ఫిర్యాదులు. కాబట్టి అందరూ కోసేస్తారు. కోయడం తప్పు కాదు, కోసిన గడ్డిని అక్కడే వదిలేయడం తప్పు. పూర్తిగా గోకి బయటికి మోయాలి. ఇది బడ్జెట్టులో ఉండదు.

నీటి అంచున ఇంకో సంగతి. గునుగుపువ్వు గారు చెప్పిన రాళ్ళు పోయాక ఉప్పునీరు పైకి పాకింది. ఇప్పుడు సముద్రపు పోటు ప్రభావం ఈ పార్కుకి ఎగువనున్న డైట్స్ ఫాల్స్ దాకా ఉంది. అంటే బిర్రరంగ్ మార్ అంచులో పైన మంచినీరు, అడుగున బరువైన ఉప్పునీటి పొర. 1835 నాటి పటం చూసి మంచినీటి మొక్కలు నాటితే ఎండాకాలం పోటులో ఆకుల చివర్లు మాడతాయి. కొంచెం ఉప్పు తట్టుకునే రెల్లు, మన కొల్లేటి కిక్కిసకి దగ్గరి చుట్టం, అదే నిలబడుతుంది. సముద్ర మట్టం 2100 నాటికి కనీసం 0.8 మీటరు పెరుగుతుందని లెక్కేసుకోవాలని విక్టోరియా ప్రణాళికా విధానమే అంటోంది కనుక, ఇప్పుడు నాటే వరుసని ఆ ఎత్తుకి వెనక్కి జరగనిచ్చేలా వాలు వదలాలి. నిలువు గోడ కడితే ఆ అవకాశం లేదు.

రివర్ రెడ్ గమ్ నీడన బెంచీలు వద్దు. మన దగ్గర జామాయిల్ అని పిలిచే వర్గమే. వేసవిలో గాలి లేని మధ్యాహ్నం కూడా పచ్చి కొమ్మ విరిగి పడుతుంది. బెంచీ పెట్టాక ఎవరికో తగిలిందని చెట్టు కొట్టేస్తారు.

గునుగుపువ్వు

చెట్టునీడ గారు, మంచిగ చెప్పిండ్రు. బతుకమ్మ సంగతి మాత్రం మిగిలింది.

చెట్టునీడ

చెప్తాను. యారాలో వేయొద్దు. నీళ్ళలో చెత్త వేయడం రాష్ట్ర పర్యావరణ చట్టం కింద తప్పు, పూలకి మినహాయింపు లేదు. అక్కడ తంగేడు, గునుగు ఎక్కువగా దొరకవు కాబట్టి దుకాణపు చామంతులు, బంతులు వాడతారు, వాటి మీద పురుగుమందు ఉంటుంది. కొందరు పూలు గుచ్చే పచ్చ స్పాంజి వాడతారు. అది ప్లాస్టిక్, పొడి పొడిగా విడిపోతుంది, చేపల కడుపులోకి పోతుంది. బతుకమ్మ వచ్చే సెప్టెంబరు–అక్టోబరు అక్కడ వసంతం, నదికి నీటి జోరు కాలం. అంచుకి పిల్లల్ని దింపడం కూడా ప్రమాదమే.

నదికి బదులు 2 మీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల లోతున్న గుండ్రటి నీళ్ళ తొట్టి చాలు. 900 లీటర్ల పైచిలుకు పడుతుంది. అంటే దాదాపు టన్ను బరువు, కనుక మట్టిపని గారు చెప్పిన చెట్ల వలయానికి బయట, గట్టి నేల మీదే పెట్టండి. రంగు అద్దిన పూలుంటే ఆ నీళ్ళు వానకాలువలోకి వదలొద్దు, అది నేరుగా నదిలోకే పోతుంది. పూలు మర్నాడు కంపోస్టుకి.

రాతిబండ

ఒకటి కలుపుతాను. వేదిక మీద ఈ నేల వురుంజెరి వాళ్ళదని గుర్తు చేసుకునే మాట ఎవరైనా చెప్పొచ్చు. స్వాగతం పలికే క్రతువు మాత్రం వాళ్ళ పెద్దలే చేయాలి. దానికి వాళ్ళ కార్పొరేషన్‌కి చాలా వారాల ముందే రాయాలి, రుసుము ఉంటుంది. రుసుము గురించి బేరమాడొద్దు. పంతులు గారి దక్షిణకి రసీదు అడగని వాళ్ళు ఇక్కడ అడుగుతుంటారు, అది బాగోదు.

మూల చర్చకి వస్తే, 2017లో యారా నది రక్షణ చట్టం వచ్చింది. దాని పేరులోనే వొయ్‌వురంగ్ మాటలున్నాయి: విలిప్-గిన్ బిర్రరంగ్ ముర్రోన్. నదినీ దాని గట్లనీ ఒకే సజీవ రూపంగా గుర్తించింది. నది కోసం పెట్టిన బిర్రరంగ్ కౌన్సిల్‌లో కనీసం ఇద్దరు వురుంజెరి ప్రతిపాదించినవాళ్ళు ఉండాలంది. అయితే అదే ఏడాది న్యూజిలాండ్ వాంగనూయి నదికి ఇచ్చినట్టు చట్టపరమైన వ్యక్తి హోదా ఇవ్వలేదు. కౌన్సిల్ మంత్రికి సలహా ఇస్తుంది, అంతే. మేళా క్యాలెండర్ ఆపే అధికారం దానికి లేదు.

కాబట్టి నగరపాలక సంస్థకి అభిప్రాయం పంపేవాళ్ళు "మేళాలు ఆపండి" అని రాస్తే ఒక్క వాక్యంలో తోసేస్తారు. ఏటా క్యాలెండర్ ఖరారు చేసే ముందు వురుంజెరి కార్పొరేషన్ రాతపూర్వక అంగీకారం తప్పనిసరి అని రాయండి. వాళ్ళు మూసి ఉంచమన్న రోజుల్లో బుకింగే తెరవకూడదని రాయండి. అద్దె ఆదాయంలో ఒక వాటా ఆ సంస్థకీ, ఒక వాటా నేల మరమ్మతుకీ విడిగా కట్టాలని రాయండి. ఈ మూడూ కొత్త చట్టం లేకుండా, ఒప్పందంతో సాధ్యమే.

యారాగట్టు

అంగీకారం షరతు పెడితే నా "పూర్తిగా తీసేయాలి"ని పక్కన పెడతాను. వాళ్ళు మూంబా ఉండనివ్వండి అంటే ఉండనీ. వద్దంటే పోవాలి. 1955 నుంచి ఉందనే మాట అప్పుడు అడ్డు రాకూడదు.

మట్టిపని

మరమ్మతు వాటా దగ్గర ఒక మాట. అద్దెలో శాతం అని రాయొద్దు, సరిపోదు. మేళాకి ముందు డిపాజిట్ కట్టించుకోవాలి. ముందూ వెనకా ఒకే 20 చోట్ల నేల బిగువు కొలిచి, తేడాని బట్టి డిపాజిట్‌లోంచి కోయాలి. కొలిచేది నిర్వాహకుల మనిషి కాకూడదు. రెండు కొలతలప్పుడూ నేల తడి ఒకేలా ఉండాలి. ఎండిన రోజు ఒకసారి, వాన పడ్డాక ఇంకోసారి కొలిస్తే ఆ అంకెలతో ఎవరైనా ఏదైనా వాదిస్తారు. ఇంత చేసినా మేళాని మార్చి తేదీ కంటే ఒక్క మూడు వారాలు ముందే పెట్టకపోతే పచ్చిక లెక్క కుదరదు. అది కార్మిక దినం సెలవుకి ముడిపడి ఉంది కాబట్టి అక్కడ మాత్రం మీ అందరితో కలిసి గొడవ పడాల్సిందే.

గునుగుపువ్వు

తేదీ జరపమనేకంటే రైడ్లను అవతలి ఒడ్డు అలెగ్జాండ్రా గార్డెన్స్‌కే పంపమనుండ్రి. మూంబా ఆడ కూడా జరుగుతనే ఉన్నది. గట్టు మీద పాటలు, ఆటలు ఉంచి, చక్రాలున్నయన్నీ అటు.

మట్టిపని

అక్కడా చెట్లున్నాయండీ. పెద్ద పెద్దవి. ఆ 12 రెట్ల వలయాలు గీస్తే రైడ్లకి ఎంత చోటు మిగులుతుందో ముందు పటం మీద చూడాలి.